‘అతనే అడిగాడు కదా’: ముప్పై ఏళ్లు మూయని దొడ్డిదారి

కన్వర్షన్ థెరపీ మీద వాదన మళ్లీ వేడెక్కింది. గే, బైసెక్సువల్ మగవాళ్లను మందులతోనో కౌన్సెలింగ్‌తోనో ‘మార్చేస్తాం’ అనేవాళ్లను ఆపడానికి డాక్టర్ల మీద ఇప్పుడున్న నిషేధం చాలా, లేక చట్టమే చేయాలా అన్నది తగాదా. స్వలింగ సంబంధాలను నేరమన్న 377వ సెక్షన్ కథ, దాని మీద 2009, 2013, 2018లో వచ్చిన తీర్పులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. నేరం కాదని కోర్టు తేల్చాక కూడా కొడుకును సైకియాట్రిస్ట్ దగ్గరికి లాక్కెళ్లడం ఎందుకు ఆగలేదో ఆ తీర్పులు చదివితే తెలియదు. అది తెలియాలంటే డాక్టర్లు వాడే రోగాల జాబితా చూడాలి.

1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను రోగాల జాబితా నుంచి తీసేసింది. ఏటా ఆ తేదీన ఉత్సవాలు జరుగుతాయి. అయితే అదే జాబితాలో, ఎఫ్66.1 అనే నంబరు కింద, ‘ఇగో-డిస్టోనిక్’ అనే కొత్త పేరు చేరింది. దాని వివరణ సారాంశం ఇది: తన ఆకర్షణ ఎటువైపో మనిషికి సందేహం లేదు, కానీ అది వేరేగా ఉంటే బాగుండునని కోరుకుంటున్నాడు, మార్చుకోవడానికి చికిత్స అడగవచ్చు. స్వలింగ ఆకర్షణతో పాటు బైసెక్సువల్ ఆకర్షణ పేరు కూడా అందులో ఉంది. ముందు తలుపు మూసి దొడ్డిదారి తెరవడమంటే ఇదే. ఆ తర్వాత మన దేశంలో జరిగినదానికి మూలం ఈ ఒక్క వాక్యంలో ఉందని నా అభిప్రాయం.

అమెరికా అప్పటికే ఈ పొరపాటు చేసి దిద్దుకుంది. 1973లో అక్కడి సైకియాట్రీ సంఘం స్వలింగ ఆకర్షణను రోగం కాదంటూనే, దానివల్ల బాధపడేవాళ్లకు విడిగా ఒక రోగం పేరు ఉంచింది. 1980లో దానికి ఇదే ‘ఇగో-డిస్టోనిక్’ పేరు పెట్టింది. 1987లో దాన్ని కూడా కొట్టేసింది. కారణం తన మాన్యువల్‌లోనే రాసుకుంది: తమ దేశంలో గే మనుషులు దాదాపు అందరూ మొదట్లో తమ ఆకర్షణను తామే ఒప్పుకోలేని దశ దాటి వస్తారు. లోకం రోజూ తప్పు అంటుంటే పదహారేళ్ల కుర్రాడు తనను తాను తప్పుపట్టుకోకుండా ఎలా ఉంటాడు? ఆ బాధను రోగమంటే, బాధ పెట్టినవాళ్లు తప్పించుకున్నట్టే. అమెరికా వదిలేసిన మూడేళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పేరు పట్టుకుంది. మన డాక్టర్లు ఎక్కువగా అనుసరించేది ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితానే.

క్లినిక్‌లో అది ఎలా పనిచేసేదో ఊహించడం కష్టం కాదు. పెళ్లిచూపులు కుదిరాక కొడుకు వద్దంటాడు, కారణం బయటపడుతుంది, ఇంట్లో రెండు రోజులు ఏడుపులు, మూడో రోజు డాక్టర్ దగ్గర. తండ్రి పక్క కుర్చీలో కూర్చుని ఉండగా డాక్టర్ అడుగుతాడు: మారాలని ఉందా బాబూ? ఉందంటాడు. ఇంకేమనగలడు? ఆ మాటతో ఫైలు మొదలవుతుంది. బైసెక్సువల్ అయితే పరిస్థితి ఇంకా ఇబ్బంది. ‘అమ్మాయిలంటే కూడా ఇష్టమేగా, ఇంక సమస్యేముంది, పెళ్లి చేసేయండి’ అంటారు. అతని సగం జీవితం లెక్కలోకే రాదు. పెళ్లయ్యాక డిప్రెషన్ వస్తే, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మాయి కూడా అందులో భాగమవుతుంది.

1980లలో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో కరెంటు షాకుతో విరక్తి పుట్టించే ‘చికిత్స’ల నివేదికలు అచ్చయ్యాయి. తర్వాత షాకులు తగ్గినా ఆలోచన పోలేదు. బెంగళూరులో అరవింద్ నరైన్, వినయ్ చంద్రన్ మానసిక వైద్యులతో మాట్లాడి చేసిన పరిశీలనలో, రోగం కాదని ఒప్పుకున్నవాళ్లు కూడా ‘ఇగో-డిస్టోనిక్ అయితే వైద్యం చేస్తాం’ అన్న సంగతి బయటపడింది.

2001లో ఢిల్లీలో ఒక యువకుడి విషయం జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లింది. ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో అతన్ని మార్చడానికి ఏళ్ల తరబడి వైద్యం చేశారని హెచ్‌ఐవీ నివారణకు పనిచేసే నాజ్ ఫౌండేషన్ తరఫున ఫిర్యాదు వెళ్లింది. 377 అమల్లో ఉన్నందున కమిషన్ దాన్ని విచారణకు తీసుకోలేదు. అటు చట్టం నేరం అంది, ఇటు వైద్యం ‘నువ్వే అడిగావు’ అంది. మధ్యలో ఉన్న మనిషికి వెళ్లడానికి మూడో చోటు లేదు. అదే ఏడాది చివర్లో 377ను సవాలు చేస్తూ నాజ్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడం తెలిసిందే.

ఈ ఒత్తిడి మనిషిని ఏం చేస్తుందో లెక్కలున్నాయి. బయటి వివక్ష, దాచుకునే భయం, లోపలికి దిగిన సిగ్గు కలిసి మానసిక సమస్యలుగా మారతాయని అమెరికా పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో వివరించాడు. 2008లో బ్రిటన్ సైకియాట్రిస్ట్ మైఖేల్ కింగ్ బృందం వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, గే, బైసెక్సువల్ మగవాళ్లలో జీవితకాలంలో ఆత్మహత్యాయత్నం చేసినవాళ్ల నిష్పత్తి మిగతా మగవాళ్ల కంటే నాలుగు రెట్లకు పైగా తేలింది. 2011లో అచ్చయిన ముంబై అధ్యయనంలో, మగవాళ్లతో సంబంధాలున్న 150 మంది మగవాళ్లలో 29 శాతం మందికి తీవ్ర డిప్రెషన్ లక్షణాలు, 45 శాతం మందికి చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయి. ఇలాంటి మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డిప్రెషన్‌కి మందు ఉంది, నిద్రలేమికి ఉంది, టెన్షన్‌కి ఉంది. అతను వెళ్లడానికే భయపడ్డాడు, ఎందుకంటే అక్కడ డిప్రెషన్‌కి బదులు అతని ఆకర్షణకు వైద్యం మొదలయ్యేది.

డాక్టర్ల వాదన ఒకటుంది. పేషెంటే వచ్చి అడిగితే ఎలా కాదంటాం, అతని ఇష్టానికి విలువ లేదా అంటారు. ఇప్పటికీ చట్టం వద్దనేవాళ్లు చెప్పేది ఇదే. ఇష్టమంటే భయం లేనిచోట చెప్పే మాట. పైగా ఆకర్షణను మార్చే వైద్యం పనిచేస్తుందనడానికి రుజువు లేదు.

ఇక్కడి మార్పు ఆలస్యంగా, ఒకేసారి వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మేలో అమల్లోకొచ్చి, చికిత్సలో లైంగిక ఆకర్షణ ఆధారంగా వివక్ష చూపకూడదంది. ఆ జులైలో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ స్వలింగ ఆకర్షణ రోగం కాదని ప్రకటించింది. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం అర్థం చేసుకోవడానికి తానే సైకాలజిస్ట్ దగ్గర కూర్చుని తెలుసుకున్నాక, ‘మార్చే’ వైద్యాన్ని నిషేధించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితా 2022 జనవరిలో అమలైంది, ఎఫ్66 పోయింది. దొడ్డిదారి మూతపడటానికి ముప్పై ఏళ్లు దాటింది. 2022 ఆగస్టు 25న, డాక్టర్లను, వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ కన్వర్షన్ థెరపీని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అదే కమిషన్ 2024 ఆగస్టు చివర్లో ఎంబీబీఎస్ ఫోరెన్సిక్ మెడిసిన్ సిలబస్‌లో స్వలింగ సంబంధాలను అసహజ నేరాల కింద తిరిగి పెట్టి, నిరసనల తర్వాత సెప్టెంబరు 5న వెనక్కి తీసుకుంది.

కమిషన్ ఆదేశం అల్లోపతి డాక్టర్లకే వర్తిస్తుంది. క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ అనే వేరే నియంత్రణ సంస్థ కిందకొస్తారు. బోర్డు పెట్టుకున్న కౌన్సిలర్లు, ప్రార్థనతో నయం చేస్తామనేవాళ్లు, లేహ్యాలు అమ్మేవాళ్లు దీని పరిధిలోకి రారు. హైదరాబాద్‌కు చెందిన సుప్రియో, అభయ్ జంట మొదటి పిటిషనర్లుగా సుప్రీంకోర్టులో నడిచిన పెళ్లి హక్కు కేసులో, 2023 అక్టోబరు 17న అప్పటి చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ తన తీర్పులో డాక్టర్లతో పాటు ‘ఇతరులు’ చేసే చికిత్సలను కూడా వెంటనే ఆపించాలని ప్రభుత్వాలను ఆదేశించారు. ఆయనది మైనారిటీ తీర్పు కావడంతో ఆ ఆదేశం కట్టుబాటు కాలేదు. చట్టం అడుగుతున్నవాళ్లు కోరుతున్నది ఆ ‘ఇతరులు’ అన్న మాటనే. ఇప్పుడున్న పద్ధతిలో, చికిత్స పేరుతో నష్టపోయినవాడు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు తన పేరుతో ఫిర్యాదు చేయాలి, అంటే తనను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లిన తండ్రి మీద కూడా సాక్ష్యం చెప్పాలి.