విశాఖలో సమాధికి చోటు ఎందుకు కరువైంది, అసలు కథ ఎక్కడ మొదలైంది

ప్రతి నవంబర్ 2న, సమాధుల పండగ రోజు, జ్ఞానాపురం వైపు వెళ్తే సమాధులు కడిగి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే కుటుంబాలు కనిపిస్తాయి. ఆ రోజు ఎక్కువగా వినపడే బాధ ఒక్కటే, చోటు లేదు, నాన్న సమాధి తవ్వి అందులోనే అమ్మని పెట్టాల్సొచ్చింది అని. దీనికి తప్పు ఇప్పటి కాపలావాళ్ళదో చర్చి కమిటీదో అనుకుంటాం గానీ ఇది చాలా పాత లెక్క.

ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1680ల్లో ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టారు, అంటే సరుకు కొని దాచుకునే కోఠీ. 1689లో ఔరంగజేబు మనుషులు దాన్ని పట్టుకుని కొంతమందిని చంపేశారు కూడా. యుద్ధాలకన్నా జ్వరాలే ఎక్కువమందిని తీసుకుపోయిన కాలం అది. వన్ టౌన్‌లో పోర్టు పక్కన ఉన్న పాత యూరోపియన్ సమాధుల తోట ఆ కాలపుదే. భీమిలిలో అయితే డచ్చివాళ్ళవి, పిరమిడ్‌లా కోణంగా లేచిన సమాధులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, ఆ ఊరు 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది.

వీటిని తెల్లోళ్ళ గోరీలులే అని వదిలేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే మన మామూలు జనం పేర్లు రాతిమీద ఎవరూ చెక్కించలేదు, ఆ రోజుల్లో ఊళ్ళో ఏ వయసులో ఎలా చనిపోయేవాళ్ళో కొంచెమైనా చెప్పేవి ఆ రాళ్ళే. అప్పటి చావులు ఎలా ఉండేవో ఒక ఉదాహరణ చెప్తాను, 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు మిషనరీలు విశాఖ వచ్చి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పని పెట్టుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు, వాళ్ళ తెలుగు సువార్తలు అచ్చయింది 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో, ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకం చూడలేదు.

అప్పట్లో క్రైస్తవుల సమాధులైనా, ముస్లింల ఖబరస్తాన్ అయినా, హిందువుల శ్మశానమైనా ఊరి చివరే. హిందువుల్లోనూ అందరూ కాల్చరు, జంగాలు పూడుస్తారు, చంటిపిల్లలు పోతే చాలా ఇళ్ళల్లో పూడుస్తారు. అంటే నేల అందరికీ కావాల్సిందే.

1901 లెక్కల్లో విశాఖ జనాభా 40,892. 1933లో పోర్టు తెరిచారు, తర్వాత షిప్‌యార్డ్, రిఫైనరీ, నేవీ, స్టీల్ ప్లాంట్ వరసగా వచ్చాయి, 2011కి జనం 17 లక్షల 28 వేలు. ఊరి చివర అనుకున్న చోటు ఊరి నడిమధ్యకి వచ్చేసింది, ఒకపక్క రోడ్డు ఇంకోపక్క ఇళ్ళు, ఇక గోడ అవతలికి జరగడానికి ఏముంటుంది? ఫ్యాక్టరీల కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళ సంగతి ఇంకా కష్టం, ఇల్లు ఇంకోచోట కట్టుకోవచ్చు, తాతముత్తాతల్ని పూడ్చిన నేలని వెంట తీసుకెళ్ళలేం కదా.

2005లో గాజువాక మున్సిపాలిటీనీ, చుట్టూ ఉన్న 32 ఊళ్ళనీ కలిపి జీవీఎంసీ, అంటే గ్రేటర్ విశాఖ కార్పొరేషన్, చేశారు. పల్లెల్లో చెరువు గట్టునో గెడ్డ ఒడ్డునో ఉండే శ్మశానాలు ఒక్కసారిగా సిటీ స్థలాలైపోయాయి, అదీ సిటీ రేటుతో. కొలిచి హద్దులు వేయని చోట కబ్జా ఎలా జరుగుతుందో విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు. దానికితోడు మనం కూడా సమాధి చుట్టూ సిమెంటు గట్టు, పైన గ్రానైట్ వేయించేస్తాం, ఒకసారి వేశాక ఆ చోటు ఇంకెవరికీ పనికిరాదు. మట్టి సమాధి అయితే కొన్నేళ్ళకి మళ్ళీ వాడుకునే పద్ధతి పాతకాలం నుంచీ ఉంది, దాన్ని అవమానం అనుకోకూడదని నా అభిప్రాయం.

కొత్త లేఅవుట్లలో పార్కుకి, రోడ్డుకి జాగా అడుగుతున్నాం, శ్మశానానికీ అలాగే అడగాలి, వార్డు మీటింగుల్లోనే అడగాలి. ఇంట్లో పెద్దవాళ్ళ సమాధి ఎక్కడుందో తెలియనివాళ్ళు ముందు చర్చిలో సమాధుల రిజిస్టర్ చూపించమనండి, చనిపోయిన సంవత్సరం, ఇంటిపేరు చెప్తే వెతకడం తేలిక. దొరికితే ఆ వరస, పక్క సమాధుల పేర్లు రాసుకుని ఫోటో తీసి పిల్లలకి కూడా పంపండి.