సీతాకోకచిలుక కంటిలోని జల్లెడలు

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య దీవెనలు.

తొలకరి పడ్డాక పెరటి కరివేపాకు చెట్టు చిగురించిందనీ, పసుపు మచ్చలున్న నల్లని సీతాకోకచిలుక ఒకటి వచ్చి ముదురాకులన్నిటినీ వదిలేసి లేత చిగుళ్ల మీదే గుడ్లు పెట్టి పోయిందనీ, ఆ పచ్చకూ ఈ పచ్చకూ తేడా దానికెవరు నేర్పారనీ మీలో ఒకరు రాశారు. ఆ సీతాకోకచిలుక నాకు చిన్ననాటి శత్రువు.

మాది గూడూరు దగ్గర పల్లె, ఇంటికి నిమ్మతోట ఉండేది. వానాకాలంలో బడి నుంచి రాగానే నిమ్మ మొక్కల మీది పురుగులను ఏరడం మా పిల్లల పని. చిన్నదిగా ఉన్నప్పుడు పిట్టరెట్టలా కనబడి, పెరిగాక ఆకుపచ్చగా మారే ఆ పురుగును కదిలిస్తే, తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటైన వాసన వదిలేది. ముదురాకుల్లో వెతుకుతూ పొద్దు పుచ్చవద్దనీ, చిగుళ్లు చూస్తే చాలుననీ మా నాయన చెప్పేవారు. అప్పుడే పుట్టిన పురుగుకు లేతాకే సులువైన తిండి కనుక తల్లి దాన్నే వెతుకుతుంది. ఆకు మీద వాలాక ముందరి కాళ్లతో తట్టి రుచి కూడా చూస్తుంది గాని, ఎక్కడ వాలాలో ముందుగా చెప్పేది కన్నే.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ అమ్మమ్మ వంటింట్లోని జల్లెడను తలచుకోండి. ఒక్క జల్లెడలో జల్లిస్తే కింద కొంచెమే పిండి పడిందనుకుందాం. పోసిందే కొంచెమా, లేక పోసినదాంట్లో రవ్వ ఎక్కువా? చెప్పలేము. అదే పిండిని కన్నాల సైజు వేరుగా ఉన్న మరో జల్లెడలో కూడా జల్లించి, దేని కింద ఎంత పడిందో పోల్చి చూస్తే రహస్యం బయటపడుతుంది. కన్ను రంగును తెలుసుకునేది ఇలాగే. కంటిలో ఆప్సిన్ అనే పదార్థాలే జల్లెడలు, వెలుగే పిండి. కీటకాల పూర్వీకులకు మూడు జల్లెడలుండేవి: మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతికి ఒకటి, నీలానికి ఒకటి, ఆకుపచ్చకు ఒకటి. తేనెటీగలు నేటికీ ఆ మూడింటితోనే కాపురం నెట్టుకొస్తున్నాయి.

ఇంట్లో ఉన్నది ఒక్కటే పిండి జల్లెడ అయితే దాని వల మార్చే ధైర్యం ఎవరికీ ఉండదు, ఎందుకంటే రేపటి రొట్టె ఆగిపోతుంది. ఎలాగో రెండోది ఇంటికి వచ్చిందంటే, పాతది రోజువారీ పనికి ఉంటుంది కాబట్టి కొత్తదాని కన్నాలు కాస్త సాగినా నష్టం లేదు. ఒక్కోసారి ఆ సాగిందే మరో పనికి అక్కరకొస్తుంది. కంటి జల్లెడలను తయారుచేసే సూత్రం జన్యువుల్లో రాసి ఉంటుంది. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు జన్యువులు నకలయ్యేటప్పుడు ఎప్పుడో ఒక జన్యువు రెండుసార్లు పడుతుంది. నిమ్మ జాతి చెట్ల మీద పెరిగే జపాను సీతాకోకచిలుక పాపిలియో జుథస్‌లో ఆకుపచ్చ జల్లెడ ఇలా నకలై మూడయింది, వాటిలో ఒకటి ఎరుపు వైపు జరిగింది. అమెరికా ఖండపు హెలికోనియస్ సీతాకోకచిలుకల్లో నకలైనది అతినీలలోహిత జల్లెడ. వాటిలో ఒక జాతిలో ఆ రెంటిలో ఒకదాని జన్యువు ఆడవాటికే ఉండే క్రోమోజోము (జన్యువులుండే పోగు) మీద ఉందని 2023లో తేల్చారు. అంటే ఆ జల్లెడ తల్లికి ఉంది, తండ్రికి లేదు! మన కంటిలో ఎరుపును, ఆకుపచ్చను పట్టే జల్లెడలు కూడా కోట్ల ఏళ్ల కిందట మన వానర పూర్వీకులలో ఒకటి రెండుగా నకలైనవే.

ఎర్ర జల్లెడతో ఆకుకేం పని అంటారా? ఆస్ట్రేలియాలో నిమ్మ, నారింజ చెట్ల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకను 1999లో పరీక్షించి చూశారు. అది ఆకుపచ్చ జల్లెడలో పడినదాన్ని లాభంగాను, నీలం, ఎరుపు జల్లెడల్లో పడినదాన్ని నష్టంగాను లెక్కవేసి ఆకును ఎంచుకుంటుందట. నేర్పిన గురువెవరూ లేరు. తప్పు ఆకు మీద గుడ్లు పెట్టిన తల్లుల సంతానం తగ్గింది, సరైన ఆకును పట్టినవాటి సంతానం నిలిచింది, ఇలా లక్షల తరాలు గడిచాయి.

జుథస్ కంటిలో ఈ జల్లెడలుండే రంగు కణాలు ఆరు రకాలున్నాయి. పువ్వుల దగ్గర అది నాలుగింటితోనే పని కానిస్తుంది. గ్రాఫియం సార్పెడాన్ అనే సీతాకోకచిలుక కంటిలో 15 రకాలున్నాయని 2016లో ప్రకటించారు. మనకున్నవి మూడు. అసూయ పడకండి, వాటి చూపు మన చూపంత నిశితంగా ఉండదు, కళ్లజోడు లేని మీ తాతయ్యే నయం. ఆ 15 రకాల కణాలకు లోకం ఎలా కనబడుతుందో మాత్రం నా జల్లెడ చెప్పలేదు.

సెలవు రోజున ఎరుపు, పసుపు, నీలం కాగితాలను పువ్వులంత ముక్కలుగా కత్తిరించి, లేత నుంచి ముదురు దాకా నాలుగైదు రకాల బూడిద రంగు ముక్కలతో కలిపి పూలమొక్కల దగ్గర పరచండి. తేనెటీగలకు రంగు తెలుసునని 1914లో ఫ్రిష్ అనే శాస్త్రవేత్త ఇటువంటి ఉపాయంతోనే నిరూపించాడు. బూడిద ముక్కలు లేకపోతే అవి రంగును చూశాయో, వెలుగు హెచ్చుతగ్గులను చూశాయో తేలదు. ఎండ బాగా కాసే వేళ కాస్త దూరంగా కూర్చుని, ఏది దేని మీద వాలిందో రాసి నాకు పంపండి. వాలకపోతే అదీ రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య