కాలువ కట్ట మీద మూడు రోజుల సైకిల్ యాత్ర: అపోహలు - వాస్తవాలు

చలి మొదలయ్యేసరికి విజయవాడ, గుంటూరు సైకిల్ గుంపుల్లో ఒక మాట బయల్దేరుతుంది: "బ్యారేజీ దగ్గర కాలువ గట్టు ఎక్కితే చాలు, సముద్రం దాకా తొక్కుకుంటూ పోవచ్చు." పోవచ్చు, నిజమే. అయితే ఆ మాట నమ్మి అలాగే బయల్దేరినవాళ్లలో చాలామంది రెండో రోజు మధ్యాహ్నానికి ఏ ఆటోలోనో సైకిల్ ఎక్కించుకుని ఇల్లు చేరతారు. ఎక్కువగా వినిపించే అపోహలు ఇవీ.

అపోహ: కట్ట ఎక్కితే చివరిదాకా ఒకటే దారి

ఆ కట్ట పోసింది నీళ్ల కోసం. బెజవాడలో కృష్ణకు 1852-55లో ఆనకట్ట కట్టాక తవ్విన పెద్ద కాలువలు సాగుకూ పడవలకూ రెండిటికీ పనికొచ్చేవి. గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్లు కాబట్టి అప్పట్లో దారి తెగకుండా ఉండాలి. పడవలు పోయాయి. ఇప్పుడు కట్ట మీద తిరిగేది లస్కర్లు (కాలువను కాపలా కాసే సిబ్బంది), ఇరిగేషన్ వాళ్ల జీపు, రైతుల ట్రాక్టర్లు. జీపు వెళ్లేంత మేర బాగుంటుంది, అది కూడా తరచుగా ఒక వైపే. లాకులు (కాలువకు అడ్డంగా నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడాలు) దాటాక ఆ బాగున్న వైపు ఎడమ నుంచి కుడికి మారిపోవచ్చు. ఊరు తగిలితే కట్ట మీద ఇళ్లు, పశువుల పాకలు, గడ్డివాములు. పిల్లకాలువ చీలే తూము దగ్గర ఒక్కోసారి దాటడానికి సిమెంటు దిమ్మె మాత్రమే ఉంటుంది, వెడల్పు రెండడుగులు.

అందుకే యాత్రను కిలోమీటర్ల లెక్కన కాకుండా లాకుల లెక్కన వేసుకోవాలి. లాకులున్నచోట వంతెన ఉంటుంది, అంటే ఒడ్డు మారే అవకాశం. చెట్టు నీడ, చాలాచోట్ల టీ బంకు, ఊళ్లోకి రోడ్డు కూడా అక్కడే. కట్ట బాగాలేకపోతే తప్పుకునే చోటు అదొక్కటే. రెండు లాకుల మధ్య దారి పోతే వెనక్కి రావాల్సిన దూరం ఎంతో ముందే రాసి పెట్టుకోండి. అది 5 కి.మీ. దాటితే ఆ ముక్కను వదిలేసి పక్కనున్న ఊళ్ల రోడ్డు పట్టుకోవడం మేలు.

ఫోన్ మ్యాపులో సన్న గీత ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. ఉపగ్రహ చిత్రం పెట్టి బాగా దగ్గరికి లాగి చూడండి. ముదురు బూడిద రంగు తారు, తెల్లగా మెరిసేది సిమెంటు, ఎర్రమట్టి రంగు గ్రావెల్. రెండు సమాంతర చారల మధ్య పచ్చగా ఉంటే ట్రాక్టర్ బాట. ఏమీ కనిపించకుండా పచ్చగా కలిసిపోతే అక్కడ కంపే. ఆ చిత్రం ఎండాకాలంలో తీసిందైతే డిసెంబరులో అదే దారి నడుము లోతు గడ్డిలో ఉండొచ్చు.

వాన పడితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. డెల్టా కట్టల్లో చాలాభాగం నల్లరేగడి. తడిస్తే అది టైరుకు అంటుకుంటుంది, అంటుకున్న మట్టికి గడ్డిపోచలు అంటుకుంటాయి, నాలుగు గజాలు పోయేసరికి మడ్‌గార్డు కింద పిడచ కట్టి చక్రం ఆగిపోతుంది. అప్పుడు బలంగా తొక్కితే వెనక గేరు మార్చే చెయ్యి వెనక్కి లాగబడి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క వంగుతుంది, లేదా పుటుక్కున తెగుతుంది. ఆ ముక్క ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం. తెనాలిలో కాదుగదా, విజయవాడలో కూడా వెంటనే దొరుకుతుందని చెప్పలేం. కాబట్టి చక్రం బిగుసుకోగానే దిగండి, సైకిల్ తిరగేసి పుల్లతో గీకండి, మోసుకుని తారు రోడ్డెక్కండి. గట్టి వాన తర్వాత కట్ట ఆరడానికి మూడు నాలుగు రోజుల ఎండ కావాలి. రెండు రోజులకే పైపొర ఆరినట్టు కనిపిస్తుంది. ఆ పొరను నమ్మొద్దు.

అపోహ: అంతా చదునే కదా, రోజుకు వంద కిలోమీటర్లు తేలిక

చదును మాట నిజం. ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు, అంటే 17 మీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి బందరు తీరం దాదాపు 70 కి.మీ. సగటు వాలు కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్లు. ఇబ్బంది అక్కడే. కొండ దారిలో ఎక్కాక దిగుడు ఉంటుంది, కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. కట్ట మీద తొక్కడం ఆపితే సైకిల్ ఆగుతుంది. ఆరు గంటలు ఒకే తీరున సీటు మీద కూర్చుంటే ముందు మొరాయించేది కాళ్లు కాదు, పిర్రలూ అరచేతులూ. ప్రతి ఇరవై నిమిషాలకోసారి లేచి నిలబడి పది తొక్కులు తొక్కాలి.

గ్రావెల్ కట్ట మీద సామానుతో గంటకు 12 కి.మీ. లెక్క వేసుకోండి. యాభై కిలోమీటర్లకు నాలుగుంపావు గంటల తొక్కుడు. పంక్చర్లు, టీలు, దారి వెతుకులాట, లాకుల దగ్గర ఫొటోలు కలిపితే ఇంకో మూడు గంటలు. జనవరిలో ఆరుగంటల నలభైకి తెల్లవారి ఆరు లోపే పొద్దుగూకుతుంది. పొద్దున పొగమంచులో ఎనిమిదింటి దాకా కట్ట అంచు సరిగా కనిపించని రోజులూ ఉంటాయి. ఆ మిగిలిన వెలుగులో యాభై నుంచి అరవై చాలు.

పైగా గాలి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లోపలికి వస్తుంది. డెల్టాలో కిందికి, అంటే తీరం వైపు పోయేవాళ్లకు అది ఎదురుగాలి. తీరం వైపు వెళ్లే రోజున పన్నెండు లోపు ముప్పావు దూరం అయిపోవాలి. తిరుగు ప్రయాణం రోజు బద్ధకంగా లేచినా గాలే నెడుతుంది.

అపోహ: ఖరీదైన గేర్ల సైకిల్ లేనిదే కుదరదు

గేర్ల కన్నా టైరు వెడల్పు ముఖ్యం. 25 మి.మీ. రోడ్డు టైరు గ్రావెల్‌లో దిగబడుతుంది. 38 మి.మీ. నుంచి 50 మి.మీ. దాకా బాగుంటుంది. మనిషి, సామాను కలిపి 80-90 కిలోలైతే 38 మి.మీ. టైరుకు 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర, రెండంగుళాల టైరుకు 35-40 దగ్గర గాలి సరిపోతుంది. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ అంకె దాకా కొట్టిస్తే కట్ట మీద ప్రతి రాయీ మణికట్టుకు తెలుస్తుంది.

పాత తరహా నల్ల సైకిల్‌ను తేలిగ్గా తీసిపారేయొద్దు. ఏ ఊరి సైకిల్ షాపులోనైనా దొరికేవి దాని టైరు, ట్యూబు, చక్రం పుల్లలు, బ్రేకు కట్టెలే. గేర్ల సైకిల్‌కు వాడే 700సి కొలత ట్యూబు మండల కేంద్రంలో కూడా దొరకదు. కాబట్టి గేర్ల సైకిల్ వాళ్లు మనిషికి రెండు ట్యూబులు, ఒక గేరు వైరు, చైను లింకు ఒకటి, బ్రేకు ప్యాడ్లు ఒక జత వెంట పెట్టుకోవాలి.

వాల్వు సంగతి చాలామంది దారిలో కానీ తెలుసుకోరు. సన్నగా, కొనన మర ఉండే వాల్వుకు మోటారు సైకిల్ పంక్చర్ షాపు గాలి గొట్టం పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే తగిలించి ఉంచుకుంటే పట్టేస్తుంది. కంప్రెసర్‌తో మాత్రం బుస్సు బుస్సుమని చిన్న చిన్నగా కొట్టించండి. లారీ టైరుకు పట్టినట్టు పడితే ట్యూబు పేలుతుంది.

అపోహ: పంక్చర్ అంటే మేకో గాజుపెంకో

కట్టల మీద పంక్చర్లకు అసలు కారణాలు పల్లేరు కాయ, తుమ్మ ముల్లు. పల్లేరు నేలకు పరుచుకుని పెరుగుతుంది, పసుప్పచ్చ పూలు. ఎండిన కాయ ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్క ఎలా పడ్డా ఒక ముల్లు పైకి లేచి ఉంటుంది. సైకిల్ దిగి గట్టు పక్కకు నెట్టేచోటే ఎక్కువ గుచ్చుకుంటుంది, కాబట్టి టీకి ఆగినప్పుడు సైకిల్‌ను గడ్డిలో ఆనించొద్దు. తుమ్మ ముల్లు వచ్చేది పొలాల చుట్టూ వేసిన కంప నుంచి. ట్రాక్టర్ ఈడ్చుకుపోయిన కంప కట్ట మీద పదడుగుల మేర ముళ్లు రాల్చి పోతుంది.

కొత్తవాళ్లు ఒకే ముల్లుకు రెండు ట్యూబులు పోగొట్టుకుంటారు. ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా తడమాలి. వేలితో తడిమితే నెత్తురే. ముడిచిన నూలు గుడ్డను లోపల చుట్టూ జరపండి, ముల్లు ఉన్నచోట దారం పట్టుకుంటుంది. తుమ్మ ముల్లు బయట తెగిపోయి లోపలి కొన మిగులుతుంది, అది బయటినుంచి కనిపించదు. టైరును లోపలికి మడిచి నెయిల్ కట్టర్ కొనతోనో చిన్న పట్టకారుతోనో లాగాలి. ప్యాచ్ వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, వేలికి అంటనంతగా ఆరేదాకా ఐదు నిమిషాలు ఆగండి. తడిమీద అతికించిన ప్యాచ్ ఎండకు ట్యూబు వేడెక్కగానే జారిపోతుంది.

అపోహ: పక్కనే కాలువ, నీళ్లకు కరువా

కాలువ నీళ్లు తాగడానికి పనికిరావు. ఊళ్ల మురుగు, పశువుల కడుగుళ్లు, పొలాల మందుల డబ్బాలు కడిగిన నీళ్లు అన్నీ అందులోకే వస్తాయి. వడపోసినా మందులు పోవు. మనిషికి మూడు లీటర్ల సీసాలు సైకిల్‌కు ఉండాలి, ప్రతి పెద్ద ఊళ్లో ఉండే వాటర్ ప్లాంటు దగ్గర నింపుకోవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోతే లీటరు నీళ్లకు ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, రెండూ పోగు లేకుండా అంచుకు సమంగా. ఉప్పేసిన మజ్జిగ దొరికితే అది ఇంకా మంచిది.

స్నానానికి దిగడం ఇంకా ప్రమాదం. లాకుల దగ్గర పైకి నిదానంగా కనిపించే నీరు కింద తలుపుల వైపు లాగుతూ ఉంటుంది. సిమెంటు వాలు మీద పాచి, ఒకసారి జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

అపోహ: పిల్లలకు వేసవి సెలవులు, అప్పుడే పోదాం

ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. నీళ్లు లేని కాలువ పక్కన మిగిలేది బురద వాసనా, ప్లాస్టిక్కూ, నలభై దాటిన ఎండా. జూన్, జూలైల్లో పడమటి గాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపాన్ల భయం. మిగిలేది డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా. అప్పుడు కోతల చివరి రోజులు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీదుగా తొక్కొద్దు. రైతు ఊరుకోడు, ఊరుకోకపోవడమే న్యాయం కూడా. పైగా గింజల మీద టైరు గోళీల మీద పెట్టినట్టు జారుతుంది. సాయంత్రం పూట కళ్లలో పడే పురుగులకు తెల్ల అద్దాల కళ్లజోడు పెట్టుకోండి. చీకటి పడ్డాక కట్ట మీద ఉండొద్దు. వేడి కోసం పాములు వచ్చి పడుకునేది దాని మీదే.

అపోహ: ఎక్కడ పొద్దుగూకితే అక్కడే పడుకోవచ్చు

లాడ్జీలు పట్టణాల్లోనే. లాకుల పక్కన కనిపించే ఇరిగేషన్ బంగళాలు దారినపోయేవాళ్లకు ఇవ్వరు, ముందే ఇంజనీరు ఆఫీసు అనుమతి కావాలి. అందుకే మజిలీలు పట్టణాలను బట్టే పెట్టుకోవాలి. కొత్తవాళ్లకు కుదిరే మూడు రోజుల చుట్టు ఇదీ.

మొదటి రోజు బ్యారేజీ దాటి సీతానగరం, దుగ్గిరాల మీదుగా తెనాలి, 35 కి.మీ. దగ్గర. కొమ్మమూరు కాలువ దుగ్గిరాల నుంచే విడిపోయి పెదగంజాం వైపు పోతుంది. రుచి తెలిశాక వచ్చే ఏడాదికి అది. మూడు కాలువల ఊరు తెనాలిలో రాత్రి బస. రెండో రోజు భట్టిప్రోలు స్తూపం చూసుకుని రేపల్లె, అక్కడి నుంచి పెనుమూడి-పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటి అవనిగడ్డ, 50 పైచిలుకు. దివిసీమకు నీళ్లు మోసే పులిగడ్డ అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) దారిలోనే ఉంది, తీరిగ్గా చూడండి. మూడో రోజు మోపిదేవి మీదుగా కృష్ణ ఎడమ కరకట్ట పట్టుకుని విజయవాడ, 70 దగ్గర. దూరం ఎక్కువైనా ఆ రోజే గాలి మన వైపు.

రెండో రోజు ఎవరికైనా మోకాలు పట్టేస్తే తప్పుకునే చోటు రేపల్లె. అక్కడి నుంచి తెనాలికి రైలుంది.

అపోహ: అలసిపోతే సైకిల్‌తో సహా రైలు బోగీ ఎక్కేయొచ్చు

కుదరదు. పార్సిల్ ఆఫీసు ఉన్న స్టేషన్‌లో టికెట్ చూపించి బుక్ చేస్తే సైకిల్ సామాన్ల పెట్టె అయిన బ్రేక్ వ్యాన్‌లో వస్తుంది. రైలుకు గంట ముందైనా వెళ్లాలి. పేరు, ఫోన్ నంబరు, బయల్దేరే స్టేషన్, దిగే స్టేషన్ రాసిన అట్టముక్కలు రెండు, ఒకటి ఫ్రేముకు, ఒకటి హ్యాండిల్‌కు కట్టండి. దిగే స్టేషన్‌లో రైలు రెండు నిమిషాలే ఆగేదైతే దించడం మీద ఆశ పెట్టుకోవద్దు, ఎక్కువసేపు ఆగే స్టేషన్‌కే బుక్ చేయండి. సీసాలు, లైట్లు, పంపు తీసి సంచిలో వేసుకోవాలి. పెడళ్లు కూడా ఊడదీస్తే పక్క సామానుకు గుచ్చుకోదు. కుడి పెడలు మామూలుగానే అపసవ్యంగా తిప్పితే వస్తుంది, ఎడమ దానికి మాత్రం మర తిరగేసి ఉంటుంది. దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి.