మసి పట్టిన ఫైర్ సూట్: మాలో మేము చెప్పుకునే అపోహలు, అసలు వాస్తవాలు

నేను ఫైర్‌మ్యాన్‌గా చేరిన కొత్తలో, మా స్టేషన్‌లోని ఒక సీనియర్ హెల్మెట్ అసలు రంగు ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. మసితో నల్లబడిన ఆ హెల్మెట్‌ను చూసి మేము గౌరవించేవాళ్లం, తళతళలాడే మా కొత్త హెల్మెట్లను చూసుకుని సిగ్గుపడేవాళ్లం. ఒక పత్తి గోదాము మంటను రాత్రంతా ఆర్పి వచ్చాక, నలుగురికీ కనబడాలని నా కోటును కడగకుండా అలాగే కొక్కేనికి తగిలించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు కొత్తవారికి శిక్షణ ఇచ్చే బాధ్యతలో ఉన్నాను. ఆనాడు నేను నమ్మిన మాటలే వారి నోట వింటున్నాను కనుక ఈ వివరణ రాస్తున్నాను.

అపోహ: మసి పట్టిన సూట్ అనుభవానికి గుర్తు.

ఆ మసిలో ఉన్నది కాలిన వస్తువుల రసాయనం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 జూన్‌లో అగ్నిమాపక వృత్తిలో ఎదురయ్యే కాలుష్యాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా నిర్ధారించి మొదటి వర్గంలో చేర్చింది. అంతకుముందు అది ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి’ అనే దిగువ వర్గంలో ఉండేది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మెసోథీలియోమాకూ, మూత్రాశయ క్యాన్సర్‌కూ తగినంత ఆధారం ఉందని ఆ సంస్థ తేల్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మొదటి వర్గం అంటే ఆధారం బలంగా ఉందని అర్థం, అంతేగాని ఈ ఉద్యోగం చేసే ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని కాదు. పైగా కారణాలలో పీల్చిన పొగ, పాత భవనాల్లోని ఆస్‌బెస్టాస్, రాత్రి డ్యూటీలు కూడా ఉన్నాయి. అయితే వీటిలో చాలావాటిని మనం ఎంచుకోలేము, సూట్ మీది మసిని మాత్రం మన చేతులతో మనమే తీసేయగలము.

అపోహ: సూట్ వేసుకున్నాం కనుక విషం ఒంటికి తగలదు.

మన సూట్‌ను ప్రధానంగా వేడి నుండి కాపాడడానికి తయారుచేశారు. మంటను తట్టుకునే పైబట్ట, నీటిని ఆపే మధ్యపొర, వేడిని అడ్డుకునే లోపలి అస్తరు అనే మూడు పొరలు ఉన్నప్పటికీ మెడ దగ్గర, మణికట్ల దగ్గర, కోటుకూ ప్యాంటుకూ మధ్య ఉన్న సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది. తలకు తొడిగే బట్ట హుడ్ విషయంలో ఈ ముప్పు మరింత ఎక్కువ, ఎందుకంటే అది పల్చగా ఉండి నేరుగా మెడ చర్మాన్ని తాకుతూ ఉంటుంది. బీఏ సెట్ (వీపున మోసే గాలి సిలిండర్, దానికి కలిపిన ముఖ మాస్క్) ఊపిరిని కాపాడుతుందే కాని చర్మాన్ని కాపాడదు. పొగలో, మసిలో ఉండే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే రసాయనాలు చర్మం గుండా కూడా శరీరంలోకి చేరతాయి.

మన పెద్దలు ఎక్కువగా ఆర్పినవి పూరిళ్లు, గడ్డివాములు. వాటి పొగ కూడా మంచిది కాదు. కానీ నేటి ఇంట్లో కాలేవి ఫోమ్ సోఫాలు, పీవీసీ వైర్లు, ప్లాస్టిక్ సామాను, బ్యాటరీలు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో కాలిపోయిన పడవల వంటివి కాలినప్పుడు ఫైబర్, డీజిల్, రంగులు, వలలు అన్నీ కలిసి పొగ అవుతాయి. అలాంటి చోటు నుండి వచ్చిన కోటును ఫైరింజన్ క్యాబిన్‌లో పెట్టుకుని కూర్చుంటే, బట్టలో ఇంకిన ఆవిర్లు తిరుగు ప్రయాణమంతా విడుదలవుతూనే ఉంటాయి. మనం ‘పొగ వాసన’ అని తేలిగ్గా తీసిపారేసేది దాన్నే.

అపోహ: గట్టిగా దులిపి, బ్రష్‌తో రుద్దితే చాలు.

అమెరికాలో పరిశోధకులు నిజమైన ఇంటి ఫర్నిచర్‌ను తగలబెట్టి, ఆ మంటల్లో పనిచేసినవారి సూట్లను మూడు పద్ధతుల్లో శుభ్రం చేసి, 2017లో ఫలితాలను ప్రచురించారు. గాలిని వేగంగా ఊదే పద్ధతితో పైనున్న పాలీసైక్లిక్ రసాయనాలు సుమారు 2 శాతమే తగ్గాయి, పొడి బ్రష్‌తో 23 శాతం తగ్గాయి. నీరు, సబ్బు, బ్రష్ కలిపి వాడినప్పుడు మాత్రం 85 శాతం తగ్గాయి. తడి తుడుపు కాగితంతో మెడను తుడిస్తేనే అక్కడి కాలుష్యం సగానికి పైగా తగ్గింది. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక బకెట్టు, కొద్దిగా సబ్బు నీరు, పొడవాటి పిడి ఉన్న మెత్తని బ్రష్, ఎలాగూ మన దగ్గరే ఉన్న హోస్ సరిపోతాయి. బీఏ మాస్క్ ముఖానికి ఉండగానే తోటివాడు తల నుండి బూట్ల దాకా రుద్ది కడగాలి, ఆ తరువాతే మాస్క్ తీయాలి. చాలామంది మాస్క్ ముందే తీసేసి, దులుపుతున్నప్పుడు లేచే ధూళినంతా పీలుస్తున్నారు.

అపోహ: కడిగితే సూట్ పాడవుతుంది.

ఇందులో కొంత నిజం ఉన్నందువల్లే ఇది ఇంతకాలం నిలిచింది. బ్లీచింగ్ వాడితే, సలసలా కాగే నీటిలో నానబెడితే, ఎర్రటి ఎండలో ఆరవేస్తే సూట్ పాడవుతుంది. సూట్ బట్టలో వాడే కెవ్లార్ వంటి కృత్రిమ దారం సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలకు బలహీనపడుతుంది కనుక, బట్టలను ఎండలో ఆరవేసే మన ఇంటి అలవాటు ఇక్కడ పనికిరాదు. నీరు 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, సబ్బు ఘాటు తక్కువదై ఉండాలి, కొక్కేలూ జిప్పులూ బిగించి, అస్తరును విడదీసి వేరుగా ఉతకాలి, గాలి ఆడే నీడలో ఆరవేయాలి. సరైన ఉతుకుకన్నా మురికే సూట్‌కు ఎక్కువ చేటు చేస్తుంది. నూనె, మసి పట్టిన బట్ట తేలిగ్గా అంటుకుంటుంది, వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది, వెలుతురు పడితే మెరవాల్సిన పట్టీలు కనబడకుండా పోతాయి. అమెరికా ప్రమాణం ప్రకారం వాడుకలో ఉన్న సూట్‌ను ఏడాదికి కనీసం రెండుసార్లు పూర్తి స్థాయిలో శుభ్రం చేయాలి, తయారైన 10 ఏళ్లకు పక్కన పెట్టేయాలి. తేదీ లోపలి లేబుల్ మీద ఉంటుంది, ఈరోజే తీసి చూడండి.

ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలతో పాటు మెషిన్‌లో వేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

అపోహ: సిబ్బందికి అవగాహన లేకపోవడమే అసలు సమస్య.

ఇది అధికారుల అపోహ. దక్షిణ ఫ్లోరిడాలోని అగ్నిమాపక సిబ్బంది వైఖరిని పరిశీలించిన పరిశోధకులు, శుభ్రత అవసరమని వారిలో ఎక్కువమంది ఒప్పుకుంటున్నారనీ, ఆచరణ మాత్రం దాని వెనుకే ఉండిపోయిందనీ గమనించారు. తడి, సమయం, ఇబ్బంది అడ్డువస్తున్నాయి. మన దగ్గర నేను చూసిందీ ఇదే. ఉన్నది ఒక్క సూట్ అయినప్పుడు, దాన్ని కడిగిన అరగంటకే మరో కాల్ వస్తే ఏం తొడుక్కోవాలి అన్న ప్రశ్న సోమరితనం నుండి పుట్టింది కాదు. తడి సూట్‌లో వేడిలోకి వెళితే ఆవిరికి ఒళ్లు కాలే ముప్పు నిజంగానే ఉంది. అందువల్ల అదనపు సూట్లు అడగడం స్టేషన్ అధికారి పని. అవి వచ్చేదాకా కనీసం హుడ్‌నూ గ్లవ్స్‌నూ మార్చుకోవడానికి రెండో జత ఉంచడం, మురికి సూట్‌ను సంచిలో మూటకట్టి క్యాబిన్‌లో కాకుండా వెనుక పెట్టించడం సాధ్యమే. నేను శిక్షణ ఇచ్చే బ్యాచ్‌లో డ్రిల్ అయ్యాక హోస్ చుట్టడంతో పాటు సూట్లు కడగడానికి కూడా సమయం కేటాయిస్తాను, ముందుగా నా కోటునే కడిగిస్తాను.