రంగు చూసి బీపీ మాత్ర: 2002 నాటి ట్రయల్‌లో మెలిక

2025 ఆగస్టులో అమెరికా హృద్రోగ సంఘాలు బీపీ మార్గదర్శకాలను తిరగరాశాయి. గుండెజబ్బు ముప్పు లెక్కగట్టేందుకు అవి తీసుకున్న 'ప్రివెంట్' సూత్రంలో జాతి అన్న గడి లేదు. కిడ్నీ పనితీరు లెక్కలోంచి దాన్ని తీసేయాలని నిపుణుల బృందం 2021లోనే చెప్పింది. మరి బీపీ మాత్ర రాసేటప్పుడు నల్లజాతివారికి ఒక వరస, మిగతావారికి ఒక వరస ఎందుకన్న పాత వాదన మళ్లీ రాజుకుంది.

దీని మూలం 2002 డిసెంబర్‌లో వెలువడిన ఆల్‌హాట్ ట్రయల్‌లో ఉంది. 55 ఏళ్లు దాటిన 33,357 మంది అందులో ఉన్నారు, సుమారు 35 శాతం నల్లజాతివారు. కొందరికి నీరు తీసే మాత్ర క్లోర్‌థాలిడోన్, కొందరికి ఆమ్లోడిపిన్, కొందరికి లిసినోప్రిల్ ఇచ్చారు. క్లోర్‌థాలిడోన్‌తో పోలిస్తే లిసినోప్రిల్ వాడిన నల్లజాతివారిలో పై బీపీ 4 పాయింట్లు ఎక్కువగా ఉండిపోయింది, పక్షవాతం ముప్పు 40 శాతం ఎక్కువైంది. 'ప్రిల్' మాత్రలు వాళ్లకు పట్టవన్న మాట అప్పటినుంచి స్థిరపడిపోయింది.

కానీ మొదటి మాత్రకు బీపీ దిగకపోతే రెండో మెట్టులో ఏం కలపాలో ట్రయల్ ముందే గిరి గీసింది: అటెనలాల్, క్లోనిడిన్, రిజర్పిన్. నీరు తీసే మాత్ర, ఆమ్లోడిపిన్ పోటీలో ఉన్న మందులు కాబట్టి ఆ జాబితాలోకి రాలేదు. నల్లజాతివారిలో ఎక్కువగా కనిపించేది ఉప్పును పట్టి ఉంచే శరీరం. అందులో రెనిన్ తక్కువ. కిడ్నీలు వదిలే ఈ పదార్థం బీపీ పెంచే గొలుసును కదిలిస్తుంది, లిసినోప్రిల్ ఆ గొలుసునే అడ్డుకుంటుంది. రెనిన్ తక్కువైతే లిసినోప్రిల్‌కు ఒంటరిగా పెద్ద పని దొరకదు. నీరు తీసే మాత్ర ఉప్పును బయటికి పంపితే రెనిన్ పెరుగుతుంది, అప్పుడు లిసినోప్రిల్ పట్టు బిగుస్తుంది. క్లినిక్‌లో మామూలుగా రాసే జోడీ ఇదే. ట్రయల్ రెండో మెట్టులో దానికి చోటే లేదు.

నియమాన్ని సమర్థించేవారి మాటలోనూ నిజముంది. నల్లజాతివారికి ఒకే మాత్ర ఇచ్చినప్పుడు సగటున నీరు తీసే మాత్ర, ఆమ్లోడిపిన్ మెరుగ్గా పనిచేస్తాయి. ప్రిల్ మాత్రలతో నాలుక, పెదవులు వాచే ప్రమాదం నల్లజాతివారిలో ఎక్కువ. 2013 డిసెంబర్ నాటి అమెరికా బీపీ మార్గదర్శకం జేఎన్‌సీ-8 సిఫార్సు దీన్నే నమ్ముకుంది. అయితే బీపీతో కిడ్నీలు దెబ్బతిన్న 1,094 మంది ఆఫ్రికన్-అమెరికన్ల మీద జరిగిన ఆస్క్ ట్రయల్‌లో కిడ్నీలను ఎక్కువగా కాపాడింది రామిప్రిల్. ఆమ్లోడిపిన్ విభాగాన్ని మధ్యలోనే ఆపేశారు.

బీపీ అదుపులోకి రావడం ఆలస్యమైతే మూల్యం చెల్లించేది గుండె. బీపీని ఎదిరించి కొట్టుకుని కొట్టుకుని ఎడమ జఠరిక గోడ దళసరెక్కుతుంది. మగవారిలో 10, ఆడవారిలో 9 మిల్లీమీటర్లు దాటితే ఎకోలో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) పెరిగినట్టే లెక్క. ఈసీజీని మాత్రమే నమ్మితే నల్లజాతివారిలో లేని దళసరి ఉన్నట్టు కనపడడం కూడా జరుగుతుంది, ఎకో తప్పనిసరి. డెట్రాయిట్‌లో ఒక ఎమర్జెన్సీ విభాగానికి బీపీ పెరిగి వచ్చిన 161 మందికి ఎకో తీస్తే 146 మందిలో బయటికి తెలియని గుండె దెబ్బ దొరికింది. వారి సగటు వయసు 50కి దగ్గర. 1985-86లో మొదలైన కార్డియా అధ్యయనంలో 50 ఏళ్లలోపే హార్ట్ ఫెయిల్యూర్ వచ్చిన 27 మందిలో 26 మంది నల్లజాతివారే. 18-30 ఏళ్ల వయసులో కింది బీపీ 10 పాయింట్లు ఎక్కువున్నవారికి ఆ ముప్పు రెట్టింపైంది.

గుండె గోడ పెరిగినవారి మీదే జరిగిన లైఫ్ ట్రయల్‌లో 9,193 మందికి నల్లజాతివారు 533 మందే. పక్షవాతం తగ్గించే లాభం వాళ్లకు వర్తించదన్న ఆధారం ఉందని ఆ ట్రయల్‌లో పరీక్షించిన లోసార్టాన్ మందు లేబుల్ మీద రాయడానికి ఆ కొద్దిమంది లెక్కే సరిపోయింది.

లాస్ ఏంజెలెస్‌లో రొనాల్డ్ విక్టర్ బృందం 52 క్షౌరశాలల్లో 319 మంది నల్లజాతి పురుషుల మీద జరిపిన ట్రయల్ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కొన్ని షాపుల్లో క్షురకులు డాక్టర్ దగ్గరకెళ్లమని చెప్పి పంపారు, ఆరు నెలల్లో పై బీపీ 9 పాయింట్లు తగ్గింది. మిగతా షాపుల్లో ఫార్మసిస్టు కుర్చీ దగ్గరికే వచ్చి బీపీ చూసి మాత్ర రాశాడు. అక్కడ 27 పాయింట్లు తగ్గింది, 63.6 శాతం మంది 130/80 కిందికి వచ్చారు. ఆ ఫార్మసిస్టులు మొదటి మెట్టులోనే రాసిన జోడీ ఆమ్లోడిపిన్, దానితోపాటు ఒక 'సార్టాన్' లేదా 'ప్రిల్'. బీపీ దిగకపోతే మూడోదిగా నీరు తీసే మాత్ర ఇండపమైడ్.