లోపం కంచంలో లేదు, మాయలో ఉంది

మొన్న మా చెల్లెలితో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌కి వెళ్లాను. పక్క కుర్చీలో ఓ అత్తగారు కోడలితో అంటోంది: "34 వారాలొచ్చినయ్, బిడ్డ బరువు లేదంటున్నరు. నువ్వు మంచిగ తింటలేవు బిడ్డా." కోడలు రిపోర్టు మడిచి తల వంచుకుంది.

తిండి ముఖ్యమే. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుంచి అంగన్‌వాడీల్లో గర్భిణులకు ఒక పూట అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నది అందుకే. కానీ ఎనిమిదో నెలలో ఎదుగుదల తగ్గితే చాలాసార్లు సమస్య మాయది, అంటే తల్లి నుంచి కడుపులో బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటాది.

తల్లి రక్తం, బిడ్డ రక్తం మాయలో కలవకుండా వేరుగా పారతాయని 18వ శతాబ్దంలోనే లండన్‌లో హంటర్ సోదరులనే డాక్టర్లు చూపించారు. అయినా నీలోఫర్ ఆస్పత్రి మొదలైన 1953 నాటికి కూడా, రెండున్నర కిలోలకు మించని బిడ్డ ఎవరైనా నెలలు నిండని బిడ్డ కిందే లెక్క. నెలలు నిండీ చిన్నగా పుట్టే పిల్లలు వేరని 1960ల్లో గానీ గట్టిపడలేదు. 1963లో అమెరికాలోని డెన్వర్‌లో లూబ్‌చెంకో అనే పిల్లల డాక్టర్ బృందం ఏ వారానికి ఎంత బరువుండాలో గీతలు గీసింది.

అసలు మలుపు 1967. మాయకు రక్తం తెచ్చే, గర్భాశయం గోడలో మెలికలు తిరిగిన ధమనులు మొదటి నెలల్లోనే బాగా వెడల్పవుతాయని బ్రోసెన్స్ అనే డాక్టర్ బృందం వివరించింది. అవి సన్నగానే ఉండిపోతే, అరంగుళం పైపు మీద అపార్ట్‌మెంట్ మొత్తానికి నీళ్లిచ్చినట్టే. ఆ లోటు ఎక్కువగా తొందరగా బయటపడుతుంది, బీపీతో కలిసి వస్తుంది.

32 వారాల తర్వాత కనబడే రకం మోసకారిది. మాయ అప్పటిదాకా నెట్టుకొచ్చి, బిడ్డ అవసరం పెరిగాక చేతులెత్తేస్తుంది. 1977లో డబ్లిన్‌లో మొదలైన బొడ్డుతాడు డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) ఇక్కడ తరచూ నార్మల్‌గానే వస్తుంది. అది చూసి టెన్షన్ వదిలేయకూడదు. సరఫరా చాలనప్పుడు బిడ్డ రక్తాన్ని మెదడుకు మళ్లించుకుంటుంది, లివర్‌లో నిల్వలు కరుగుతాయి. అందుకే డాక్టర్లు మెదడు ధమని డాప్లర్ కూడా చూస్తారు. మా చెల్లి రిపోర్టులోని ఎదుగుదల గ్రాఫ్‌లో బిడ్డ తల చుక్క గీత మీదే ఉంది, పొట్ట చుట్టుకొలత చుక్క మాత్రం కిందికి జారింది.

మాయను బాగుచేసే మందు ఇంకా లేదు. కాన్పు ఎప్పుడు చేయాలన్నదే తేల్చుకోవాలి. అందాకా బిడ్డ కదలికలు గమనించుకోమని, రెండు వారాలకు మళ్లీ స్కాన్‌కి రమ్మని చెల్లికి చెప్పారు.