మెకానిక్కు ఉన్నాడు, పార్టు లేదు: సరిహద్దు ఊళ్లలో రిపేరు ఎలా దూరమైంది

ఫోన్ బ్యాటరీ ఉబ్బిందంటే ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఉండేవాళ్లకు ఖర్చు కన్నా ముందు ప్రయాణం గుర్తొస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖపట్నమో వెళ్లాలి. గుణుపురం, రాయగడ వాళ్లదీ ఇదే టెన్షన్. ఊళ్లో మెకానిక్కులు లేరా అంటే ఉన్నారు, చెయ్యి తిరిగినవాళ్లే. పాత టీవీని అరగంటలో బాగుచేసి ఇచ్చిన మనిషే కొత్త ఫోన్ చూసి, "దీన్ని నేను విప్పను బాబూ, కంపెనీకే పట్టుకెళ్లండి" అంటున్నాడు. ఆయనకు పని రాదని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. ఆయన విప్పడానికి వీల్లేని వస్తువులు ఒక్కరోజులో రాలేదు. ఆ కథ చాలా వెనక నుంచి మొదలవుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ప్రాంతం అటు వెళ్లింది. తెలుగువాళ్లు మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. బడిలో, ఆఫీసులో ఒడియా వచ్చింది. 1948లో విజయవాడ, 1963లో విశాఖపట్నం రేడియో కేంద్రాలు మొదలయ్యాక ఇంట్లోకి తెలుగు వార్తలు, పాటలు తెచ్చింది రేడియోనే. అది మూగబోతే ఇంట్లో పెద్దవాళ్లకు తోచేది కాదు. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ రేడియో పెట్టుకున్న రోజులవి. అందుకే సరిహద్దు ఊళ్లలో రేడియో మెకానిక్కు అంటే అంత గౌరవం.

ఆ రేడియోలు కూడా విప్పడానికి వీలుగా తయారైనవే. వెనక అట్ట నాలుగు స్క్రూలు తీస్తే ఊడి వచ్చేది. గాజు గొట్టాల్లాంటి వాల్వులు సాకెట్లలో ఉండేవి, బల్బు మార్చినట్టు మార్చుకోవచ్చు. చాలా సెట్లకు లోపలే సర్క్యూట్ డయాగ్రమ్ అంటించి ఉండేది. ఎక్కడ ఎంత వోల్టేజి రావాలో అందులో రాసి ఉండేది. తరవాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, సెట్టు చిన్నదైంది. అయినా ఒక్కో భాగం కంటికి కనిపించేది, మీటరు ముల్లుకు అందేది.

1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించే సైట్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ల దాకా జరిగింది. గంజాంకు ఆనుకుని ఉన్న ఫుల్బనీ ప్రాంతం కూడా అందులో ఉంది. సెట్లు తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. కరెంటు, రోడ్డు సరిగా లేని ఊళ్లకు టీవీలు పంపుతూ, పాడైతే వెళ్లి బాగుచేసే మనుషులను కూడా ముందే సిద్ధం చేశారు. సామాన్యుడికి ఒక యంత్రం ఇస్తున్నామంటే రిపేరు ఏర్పాటు కూడా ఇవ్వాలన్న ఇంగితం ఆనాటి ఇంజినీర్లకు ఉంది. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ నచ్చే ఘట్టం ఇదే.

1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. తరవాతి ఇరవై ఏళ్లు మా మెకానిక్కులకు మంచి కాలం. తెర మీద బొమ్మ అంతా పోయి అడ్డంగా ఒక్క తెల్లగీత మిగిలిందంటే, సెట్టు విప్పకముందే "వెర్టికల్ ఐసీ పోయింది" అని చెప్పేవారు, అంటే బొమ్మను పైకీ కిందికీ పరిచే చిప్పు అన్నమాట. బొమ్మ వచ్చిపోతుంటే బోర్డును స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టుకుంటూ పోయేవారు. ఎక్కడ తడితే బొమ్మ అదురుతుందో అక్కడ టంకం వదిలిందన్నమాట. భూతద్దం కింద ఆ చుక్క చుట్టూ సన్నటి పగులు కనిపించేది. దానికి మళ్లీ టంకం పెడితే పని అయిపోయినట్టే. పార్టులు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, హైదరాబాదు కోఠి నుంచో ఎవరికైనా దొరికేవి. కంపెనీ అనుమతి అక్కర్లేదు.

మార్పు మొదట బోర్డులో వచ్చింది. పార్టులు బియ్యపు గింజ కన్నా చిన్నవై బోర్డు పైనే అతుక్కున్నాయి. చిప్పుల కాళ్లు కిందికి పోయాయి, వాటికి మామూలు సోల్డరింగ్ ఐరన్ అందదు. 2006 జులైలో యూరప్ ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేసింది. ఆరోగ్యానికి అది మంచి పనే. కానీ పాత సీసపు టంకం 183 డిగ్రీలకు కరిగితే, కొత్తది కరగడానికి 217 డిగ్రీల దాకా కావాలి. పక్క పార్టు మాడకుండా అంత వేడి ఇవ్వాలంటే హాట్ ఎయిర్ మెషిన్ కొనాలి. మావాళ్లు కొన్నారు, వాడటం నేర్చుకున్నారు. ఇక్కడిదాకా వచ్చిన కష్టాలు సాంకేతికమైనవి, నేర్పుతో దాటగలిగినవి.

అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. 2003 నాటి నోకియా 1100కు బ్యాటరీ మార్చాలంటే బొటనవేలు చాలు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌కు ఆ వీలు లేదు. తరవాత ఐదు రేకుల తల ఉన్న స్క్రూలు బిగించారు. మామూలు స్క్రూడ్రైవర్ వాటికి పట్టదు. పోనుపోను బ్యాటరీని జిగురుతో అంటించడం దాదాపు అన్ని కంపెనీలకూ అలవాటైంది. ఇప్పుడు ఫోన్ తెరవాలంటే వేడి పలక మీద పెట్టి, జిగురు మెత్తబడ్డాక పలచటి ప్లాస్టిక్ రేకును అంచులోకి దూర్చి, తెర పగలకుండా నెమ్మదిగా లాగాలి. లోపల బ్యాటరీకి గుచ్చుకుంటే మంట లేస్తుంది. లిథియం బ్యాటరీ కొన్ని వందల చార్జింగుల తరవాత నీరసించడం సహజం. అలా తప్పకుండా అరిగిపోయే పార్టును జిగురేసి మూసేయడాన్ని నేను ఒప్పుకోలేను.

ఆపైన సాఫ్ట్‌వేర్ తాళం వచ్చింది. కొన్ని ఫోన్లలో తెర, కెమెరా, బ్యాటరీ మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటాయి. అదే మోడల్ ఫోన్ నుంచి తీసిన అసలు పార్టు పెట్టినా హెచ్చరిక వస్తుంది, లేదా ఏదో ఒక సౌకర్యం పనిచేయదు. 2015-16లో, వేలిముద్ర బటన్ బయట మార్పించుకున్న ఐఫోన్లు అప్‌డేట్ తరవాత 'ఎర్రర్ 53' చూపించి మొత్తానికే ఆగిపోయాయి. ఆస్ట్రేలియాలో ఇది కోర్టుకెక్కి, 2018లో ఆపిల్‌కు 90 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. నీళ్లు దూరకుండా, వేలిముద్రలు భద్రంగా ఉండటానికే ఇదంతా అని కంపెనీలు చెప్తాయి. అందులో నిజం లేకపోలేదు. అలాంటప్పుడు సరైన పార్టు, సరైన మాన్యువల్ మెకానిక్కుకు అమ్మితే పని ఇంకా భద్రంగా జరుగుతుంది కదా.

మన దేశంలో దీనికి పాత తీర్పు ఒకటి దారి చూపించింది. స్పేర్ పార్టులు బహిరంగ మార్కెట్లో దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలతో పాటు వ్యవసాయ యంత్రాలను కూడా అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. 2025 మేలో మరో కమిటీ, ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ రిపేరు సులువును బట్టి మార్కులివ్వాలని నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత తేలిక, పార్టులు ఎంత త్వరగా దొరుకుతాయి, ఎలాంటి స్క్రూలు వాడారు అన్నవి అందులో కొలతలు. కాకపోతే ఆ మార్కులు కంపెనీయే ప్రకటించుకుంటుంది.

యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి చేతిలో పట్టుకునే పరికరాల బ్యాటరీలు, కొన్ని మినహాయింపులు తప్ప, వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలి. అమెరికాలోని ఒరెగాన్ 2024లోనే పార్టులను జతకట్టి తాళం వేయడాన్ని చట్టంతో అడ్డుకుంది. పర్లాకిమిడి మెకానిక్కుకు కావలసింది కూడా ఈ రెండో రకం చట్టమే. మార్కుల పట్టిక కొనేవాళ్లకు పనికొస్తుంది. ఇప్పటికే కొని, బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌తో ఆయన షాపు ముందు నిలబడ్డవాళ్లకు మాత్రం, కంపెనీ ఆయనకు పార్టు అమ్మాలి, అమ్మిన పార్టును ఫోన్ ఒప్పుకోవాలి.